వృద్ధరక్షణము

ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపింపబడినది; అడిక్‌మెట్టునందలి దాని ఆర్ట్సు కళాశాలాభవనము 1939లో తెరువబడినది. నాటినుండియు ఈ యావరణము మన పిల్లలను చదివించి దేశదేశములకు పంపుచున్నది. ప్రక్కనే యున్న తార్నాక వీథులలో, అట్లు పోయినవారి తలిదండ్రులు ప్రొద్దుట చేతికఱ్ఱలతో నడచుచు కనబడుదురు. కుమారుడు అమెరికాలో నున్నాడని చెప్పునపుడు వారి మొగమున గర్వము తోచును. రాత్రివేళ జ్వరము వచ్చిన మంచినీళ్లిచ్చువారెవరని యడిగిన బదులు రాదు.

ఇది కొన్ని యిండ్ల దుఃఖము మాత్రమే కాదు. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము స్త్రీయొకతెకు కలుగు సంతానము తెలంగాణమున 1.8, ఆంధ్రప్రదేశమున 1.7. జనసంఖ్య తఱుగక నిలుచుటకు 2.1 వలయును. ఇద్దఱికి మించి బిడ్డలు గలవారు స్థానిక సంస్థల యెన్నికలలో నిలువరాదను నిబంధనను ఆంధ్రప్రదేశ శాసనసభ 2024లో రద్దుచేసినది. బిడ్డలు హెచ్చిన వృద్ధులకు దిక్కు కలుగునని కొందఱి యాశ. కాని తార్నాక వృద్ధులకు కొఱతయైనది బిడ్డలా? కాదు, చెంతనుండి యాదుకొను చేయి.

ఇతర దేశములేమి చేసినవి? జర్మనీ 1889లోనే వార్ధక్యపు భీమాను శాసించి, 1995లో పరిచర్యకును భీమా నేర్పఱచినది. జపానులో 2000 నుండి నలువది యేండ్లు నిండినవారెల్ల చందా కట్టుదురు. అక్కఱ కలిగిన వృద్ధుని యింటికి పరిచారకులు వత్తురు. చైనా 2013లో తలిదండ్రులను తఱచు చూచి రావలసినదని బిడ్డలను శాసించినది.

మన 2007 నాటి చట్టము చైనాకే చేరువ. పోషింపని బిడ్డలనుండి నెలకు పదివేల రూపాయలవఱకు మనోవర్తి యిప్పించును. పోషణకై వ్రాసిచ్చిన యాస్తిని, షరతు తప్పిన, తిరిగి యిప్పించును. మంచిదే. కాని జిల్లా కొక్కటియైన వృద్ధాశ్రమమను చోట ప్రభుత్వము ‘స్థాపింపవచ్చును’ అని మాత్రమే యున్నది. బిడ్డలకు ‘వలెను’, ప్రభుత్వమునకు ‘వచ్చును’! ఈ రెండు మాటలకు నడుమ గల దూరమెంతయో న్యాయస్థానపు మెట్లెక్కినవారికి తెలియును. బీదవృద్ధుల పింఛనులో కేంద్రప్రభుత్వపు పాలు ఎనుబది యేండ్లు నిండువఱకు నెలకు 200 రూపాయలే.

కావున ఆ ‘వచ్చును’ను ‘వలెను’గా మార్చవలయును. 2018 నుండి నగరమున వెలసిన బస్తీ దవాఖానాల దాదులు కదలలేని వృద్ధుల యిండ్లకు పోవునట్లు చేయవలయును. అంతవఱకు మనము చేయదగిన పనియు కలదు. ప్రతి పఠనమందిరమును తన వీథిలోని యొంటరి వృద్ధుల పట్టిక వ్రాసికొని, దినమున కొకరు వంతున వారి తలుపు తట్టుగాక. తలిదండ్రుల ఋణము బిడ్డలది. వృద్ధుల ఋణము జాతిది.