వెదురు సైకిలును వెక్కిరించువారికి

వెదురుతో సైకిలునకు చట్రము కట్టవచ్చునని యెవరైన ననగానే మన పట్టణములలోని చదువరులకు నవ్వు వచ్చును. పెండ్లిపందిరి మొదలు పాడె వఱకు వెదురు లేక గడవనివారే, ఆ వెదురుపై నెక్కి కచ్చేరికి పోవుట చిన్నతనమని తలంతురు. "మేదరిసైకిలు" అని యెగతాళి చేయుదురు. ఆ యెగతాళిలో వస్తువును గూర్చిన జ్ఞానమున కంటె దానిని చేయువాని కులమును గూర్చిన చులకన యెక్కువగా నున్నదని మేము నిర్మొగమాటముగ చెప్పుచున్నాము. ఇదే సైకిలు కాలిఫోర్నియానుండి వేలకొలది డాలర్ల వెలతో దిగినచో నీ పెద్దమనుష్యులే దాని ప్రక్క నిలిచి ఫోటో తీయించుకొందురు.

మొదట చరిత్ర చూతము. 1817లో జర్మనీదేశస్థుడగు కార్ల్ డ్రాయిస్ నడిపిన తొలి ద్విచక్రవాహనము కొయ్యతోనే చేయబడినది. 1894 నాటికే యింగ్లండులో వెదురుచట్రపు సైకిళ్ళు అంగడికెక్కినవి. 1896లో అమెరికాలో వెదురు సైకిలునకు పేటెంటు పుట్టినది. పందెపు సైకిళ్ళ చక్రములకు కొయ్యరిమ్ములు ఇరువదవ శతాబ్దమున చాలకాలము వాడుకలో నుండెను. ఇటలీలో నేటికిని చేయుచున్నారు. మఱి యానాటి వెదురుసైకిళ్ళు ఏల నిలువలేదు? ప్రధానదోషము కీళ్ళయందుండెను. వెదురుగొట్టమును లోహపుమూతిలో దూర్చి బిగించిరి. వెదురు ఎండకు కుంచించుకొనును, వానకు ఉబ్బును. లోహము దానితోపాటు కదలదు. ఈ రెంటికిని కాపురము కుదురలేదు, అతుకులు వదులైనవి. అంతలో ఉక్కుగొట్టము చౌక యయ్యెను. వెదురు మూలబడెను.

ఆ చిక్కు ఇప్పుడు విడినది. గొట్టముల కొనలను ఒకదానిపై నొకటి యొదుగునట్లు గుండ్రముగా తొలచి, జిగురుతో నిలిపి, ఎపాక్సీ యను రసాయనపు జిగురులో తడిపిన జనుపజాతి నారనో కర్బనపు నారనో కీలుచుట్టు పలుమార్లు బిగించి చుట్టుదురు. ఆరినపిదప నా కట్టు బండవలె గట్టిపడును. హేండిలు, సీటు, పెడళ్ళ ఇరుసు, చక్రములు తగులుచోట్ల మాత్రమే లోహపుముక్కలుండును. 1990ల నడుమ కాలిఫోర్నియాలో క్రెయిగ్ కాల్ఫీ యిట్టి చట్రములు కట్టి ప్రచారమునకు తెచ్చెను. ఆఫ్రికాలోని ఘనాదేశమున యువతీయువకులకు ఇదియొక జీవనోపాధి యైనది. జావాద్వీపమున తెమంగుంగ్ ప్రాంతపు పల్లెలో సింగిహ్ కార్తోనో "స్పెడగి" పేర వెదురుసైకిళ్ళు చేయించెను. 2022 జూనులో బోగోరు రాజభవనపు తోటలో ఇండొనేషియా అధ్యక్షుడును ఆస్ట్రేలియా ప్రధానమంత్రియు వెదురుసైకిళ్ళపై సవారి చేసిరి. ఇద్దఱు దేశనాయకులను మోసిన వెదురు తిరువూరి గుమాస్తాను మోయజాలదా?

"అక్కడి వెదురు వేఱు" అని యొకరనవచ్చును. కాని మన తూర్పుకనుమలలోను భద్రాచలపు మన్యములోను పెరుగు సాధనపు వెదురు సంగతి వినుడు. ఎండనేలలలో పెరిగిన దానికి లోపలి డొల్ల మిక్కిలి చిన్నదై, గోడ దళసరియై యుండును. ఈ జాతినే తెల్లవారు "మగవెదురు" అని పిలిచి 1868 మొదలు తమ ఆశ్వికదళపు బల్లెములకు పిడులుగా వాడిరి. "కలకత్తా కేను" అను పేర గాలపుకఱ్ఱలకై ఇంగ్లండునకును అమెరికాకును ఓడలమీద పంపిరి. పోలీసులాఠీని గూర్చి మేము వర్ణింపనక్కఱలేదు. 1930 నాటి ఉప్పుసత్యాగ్రహమున మన పెద్దలు దాని గట్టితనమును తమ వీపులపై పరీక్షించి చూచిరి. అంత పరీక్షకు నిలిచినది పెడలు త్రొక్కుడునకు నిలువదని చెప్పువారు, ఏ పరీక్ష జరిపి చెప్పుచున్నారో తెలుపవలెను.

కొయ్యనుగూర్చి యొకమాట. మన కొండపల్లి బొమ్మలు చేయు పొనికికొయ్య తేలిక, మెత్తన. అది బొమ్మలకే తగినది. ఆ పేరు తలచి ఉత్సాహపడు మిత్రులను నిరుత్సాహపఱుపక తప్పదు. బండిచక్రములు వేసిన తుమ్మ వేఱు, టేకు వేఱు. 2020లో, ఊళ్ళన్నియు మూతబడిన దినములలో, పంజాబులోని జీరక్‌పూరున నొక వడ్రంగి కొయ్యసైకిలు చేసి త్రొక్కి చూపెను. 2022లో మన మండపేట వడ్రంగి యొకడు కరెంటు లేక నడచు కొయ్య నడకయంత్రమును చేసెను. దేశమంతయు మెచ్చినది. మెచ్చుకోలుతో వడ్రంగి కొలిమి రాజునా?

ఇక చట్టము. వృత్తిరీత్యా మాకు దీనితో కొంత పరిచయము గలదు. వెదురు గడ్డిజాతి. వృక్షశాస్త్రము చదివిన బాలునికి తెలిసిన యీ సంగతి 1927 నాటి భారత అటవీచట్టమునకు తెలియలేదు. దాని రెండవ సెక్షను వెదురును చెట్లలో చేర్చెను. తొంబదియేండ్ల తరువాత, 2017 నవంబరులో, అడవి వెలుపల పెంచు వెదురునకు విడుదల కలిగించుటకై ఆర్డినెన్సుతో నా మాటను కొట్టివేసిరి. ఢిల్లీలో నొకమాట కొట్టివేసినంతనే మనయూరి గట్టుమీది వెదురుమోపు నిర్భయముగ కదలునని రైతు నమ్మవచ్చునా? మన ప్రాంతమునకు 1967 నాటి అటవీచట్టము వేఱుగా గలదు, దాని నిబంధనలు వేఱుగా గలవు. 2006 నాటి అటవీహక్కుల చట్టము వెదురును చిన్నతరహా అటవీ ఫలసాయములలో స్పష్టముగ చేర్చినది; అయినను గడ్చిరోలి జిల్లాలోని మేంఢా-లేఖా గ్రామము తన వెదురునకు తానే రవాణాచీట్లు వ్రాసికొను హక్కును చేత నందుకొనునప్పటికి 2011 వచ్చెను. మా తిరువూరి చిక్కు మఱియొకటి. 2014 పిదప భద్రాచలపు అడవి యొక రాష్ట్రము, తిరువూరు మఱియొక రాష్ట్రము. పొలిమేర మా గుమ్మమునకు కూతవేటు దూరము. అటు కొన్న మోపు ఇటు దించులోగా నెన్ని కాగితములు చూపవలెనో, అన్నిటిని ఒక్కచోట తెలుగులో అచ్చువేసి మేదరిచేతి కీయుటకు ప్రభుత్వమునకు ఖర్చు ఎంత?

ఈ దేశమున వెదురు ఎవరికి చౌక, ఎవరికి ప్రియమో కూడ చూడుడు. మిల్లులకు వెదురు ఎంత నామమాత్రపు ధరకు పోయినదో, బుట్టలల్లువాడు ఎంత చెల్లించినాడో కర్ణాటకమున మాధవ గాడ్గీలు లెక్కలతో చూపెను. వెదురుగల దేశమై యుండియు దేవుని యెదుట వెలిగించు అగరువత్తికి వెదురుపుల్ల వియత్నామునుండియు చీనానుండియు తెచ్చుకొంటిమి. 2020లో సుంకమును 10 శాతమునుండి 25 శాతమునకు పెంచి ప్రభుత్వము మేలుకొన్నది. మా తాలూకా మామిడితోటలలో కాయలు మోయు బుట్ట మేదరిది. దాని స్థానమును ప్లాస్టిక్ క్రేటు ఆక్రమించినది. చేట పోయెను, తట్ట పోయెను, చాప పోవుచున్నది. చేతిలో పనితనము మిగిలియుండి, కొనువాడు లేక యొక వృత్తి మా కన్నులయెదుట అణగారుచున్నది. ఈ పనితనము నశించినపిదప శిక్షణాలయములు తెఱచి ప్రయోజనమేమి? వెదురు వయసును కణుపు చూచి, తట్టిన చప్పుడు విని చెప్పగలవాడు ఏ కళాశాలనుండి వచ్చును?

మా పక్షమువారి అతిశయోక్తులను కూడ మేము సహింపము. "పూర్తిగా వెదురుసైకిలు" అని చెప్పువాడు అబద్ధమాడుచున్నాడు. గొలుసు, చక్రములు, బ్రేకులు లూధియానావో మఱియొకచోటివో కావలసినదే. ఎపాక్సీ రసాయనపు సరకు, పొలములో పండదు. లేత వెదురు పనికిరాదు. మూడేండ్లు ముదిరినది కావలెను. మందువేయని వెదురును పురుగు తొలిచి పిండిచేయును. బోరాక్సు, బోరికామ్లముల నీటిలో నానబెట్టి, నిదానముగ నీడ నార్చి, వార్నీషు పూయవలెను. ఒక్క చట్రమునకు దినములకొలది చేతిపని పట్టును. ఉక్కుచట్రముతో వెలలో నేడు పోటీపడలేదు. ఇవన్నియు నిజములే. కాని ఆ వెలలో హెచ్చుభాగము కూలియై తిరువూరిలోనే నిలుచునను నిజమును మాత్రము వెక్కిరించువారు లెక్కలో వేయరు. గతుకుల బాటపై వెదురు అదురును మ్రింగుననునది మా తాలూకా రోడ్లెఱిగినవారికి చిన్న లాభము కాదు.

ప్రభుత్వము సైకిళ్ళు కొనని సంస్థ యేమియు కాదు. 2014-19 నడుమ "బడికొస్తా" పేర ఉన్నతపాఠశాలల బాలికలకు సైకిళ్ళు పంచినది. అట్టి కొనుగోలు మరల వచ్చినప్పుడు అందులో నూఱు చట్రములు వెదురువి కావలెనని మేము కోరుచున్నాము. వానిని ముందుగా ఐ.ఎస్.ఓ. 4210 అను అంతర్జాతీయ ప్రమాణము చొప్పున నొక ఇంజనీరింగు కళాశాలలో బరువువేసి, అదిరించి, విఱుగువఱకు పరీక్షింపుడు. ఓడిన చట్రమును పాఱవేయుడు; ఆడపిల్ల లెక్కు సైకిలుపై దయాదాక్షిణ్యములు పనికిరావు. గెలిచినవానికి ఉక్కుసైకిలు వెలకు మించిన భాగమును ప్రయోగవ్యయముగా భరింపుడు. నారకట్టు పని మేదరి, లోహపుముక్కల అమరిక సైకిలుషాపు మేస్త్రీ, ఇద్దఱును కలిసి నేర్వవలెను.

పదిదినముల శిక్షణ యిచ్చి, సర్టిఫికెట్టు చేతబెట్టి, ఫోటో తీసి పంపివేయు పద్ధతి మాకు వలదు. అట్టి సర్టిఫికెట్లు ఇండ్లలో అటకలపై చాల గలవు. ముందు కొనుగోలు ఉత్తరువు, పిదప శిక్షణ. ఆ ఉత్తరువును విద్యాశాఖ వ్రాయునో పరిశ్రమలశాఖ వ్రాయునో, ఎన్.టి.ఆర్. జిల్లా కలెక్టరుగారు వచ్చు మామిడికాపునకు ముందుగా తెలుపుదురని యెదురుచూచుచున్నాము.