నేపథ్యం లేని స్త్రీ ఎవరికి కావాలి?

ఫోటోలో మనిషిని మాత్రం ఉంచి, వెనకున్నదంతా తీసేయడం ఇప్పుడు చిటికెలో పని. 1990లో ఫోటోషాప్ మార్కెట్లోకి వచ్చినప్పుడు ఇదే పనికి బొమ్మ అంచు వెంబడి మౌసుతో ఓపిగ్గా గీత గీయాల్సి వచ్చేది. జుట్టు దగ్గరకొచ్చేసరికి చేయి తిరిగినవాళ్ళు కూడా తల పట్టుకునేవారు. 2018లో ఒక్క నొక్కుతో మనిషిని ఎంచుకునే సదుపాయం అదే ఫోటోషాప్‌లో వచ్చింది. 2022 నుంచి ఐఫోన్‌లో బొమ్మ మీద కాసేపు వేలు అదిమిపెడితే చాలు, మనిషి తన చుట్టూ ఉన్న దృశ్యం నుంచి ఊడి వస్తుంది. దీన్ని మాస్కింగ్ అంటారు. మాస్క్ అంటే ముసుగే. సాఫ్ట్‌వేర్ ఫోటోకు నలుపు తెలుపుల ముసుగొకటి తయారుచేస్తుంది. తెలుపు ఉన్నచోట బొమ్మ కనిపిస్తుంది, నలుపు ఉన్నచోట మాయమవుతుంది.

ఇది సాంకేతిక విషయం కదా, స్త్రీల హక్కులకూ దీనికీ సంబంధమేమిటని కొందరు అడగవచ్చు. ఏది తెలుపో ఏది నలుపో నిర్ణయించేది ఎవరు అని ప్రశ్నించుకున్న మరుక్షణం ఇది రాజకీయ విషయమవుతుంది.

నిజామాబాద్ ప్రాంతంలో బీడీలు చుట్టే స్త్రీల మధ్య పరిశోధన చేస్తున్న రోజుల్లో నేను చూసిన ఒక ఫోటో గురించి చెబుతాను. ఒక సంస్థ పంపిన ఫోటోగ్రాఫరు తీసి, ఒక కాపీ ఆమెకే ఇచ్చి వెళ్ళాడు. అందులో ఆమె గడప పక్కన కూర్చుని ఉంది. ఒళ్ళో చేట, చేటలో తునికాకు, తంబాకు. వెనక పదేళ్ళ కూతురు బీడీల మూతులు మడుస్తోంది. ఆ వెనక మంచంలో అత్తగారు. ఒక అంచున కమీషన్‌దారు కట్టలు విప్పి చూస్తున్నాడు. అతని కాళ్ళ దగ్గర, బాగాలేవని పక్కన పడేసిన బీడీల కుప్ప. వాటికి కూలీ ఉండదు. ఆకు ఆమెదే, శ్రమ ఆమెదే, నష్టం కూడా ఆమెదే.

కొన్ని నెలలకు ఆ సంస్థ నివేదిక అట్టమీద ఆమె కనిపించింది. కూతురు లేదు, అత్త లేదు, కమీషన్‌దారు లేడు, చేట కూడా లేదు. నడుము పైభాగం మాత్రం మిగిలింది. వెనకంతా లేత నీలం. కింద ‘స్వయం ఉపాధి – సాధికారత’ అన్న అక్షరాలు. నేను ఆ నివేదిక ఆమెకు చూపిస్తే, “గిదేందక్కా, నన్ను గాల్లో కూసోబెట్టిన్రు? నా బిడ్డేది?” అంది.

సంస్థవాళ్ళని అడిగాను. వెనక గజిబిజిగా ఉంది, చూసేవాళ్ళ దృష్టి చెదురుతుంది, అందుకే తీసేశామన్నారు. దురుద్దేశం ఏమీ లేదన్నారు. లేకపోవచ్చు. కానీ వాళ్ళు గజిబిజి అన్నదేమిటి? బడికి వెళ్ళాల్సిన పిల్ల శ్రమ. జీతంలేని సేవలు చేయించుకునే కుటుంబం. కూలీ కోసే దళారి. ఇంటినే ఫ్యాక్టరీగా మార్చి, ఫ్యాక్టరీ బాధ్యతలేవీ నెత్తినేసుకోని పరిశ్రమ. సమాజశాస్త్రంలో మేము ఉత్పత్తి సంబంధాలు, శ్రమ విభజన అని పేజీలకు పేజీలు రాసేది ఆ గజిబిజి గురించే. 1966లో వచ్చిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే స్త్రీని కూడా కార్మికురాలిగా గుర్తించింది. ఆ గుర్తింపు కోసం సంఘాలు ఎంతో పోరాడాయి. వెనకనున్న కమీషన్‌దారుని చెరిపేస్తే ఆమె కార్మికురాలు కాకుండా పోయి సొంత వ్యాపారం చేసుకునే మనిషైపోతుంది. యజమాని లేని చోట హక్కులు ఎవరిని అడుగుతుంది? చట్టం ఇచ్చినదాన్ని ముసుగు లాక్కుంది.

ఇది ఒక్క బీడీ కార్మికురాలి సంగతి కాదు. మన దేశంలో మనిషి ఎవరో ముఖం కంటే వెనకున్న గోడే ఎక్కువ చెబుతుంది. ఏ వాడ, ఊరికి ఎంత దూరం, నీళ్ళబిందె ఎక్కడ పెట్టారు, ఇంట్లో ఎవరు నిలబడ్డారు, ఎవరు కింద కూర్చున్నారు – కులమూ వర్గమూ అక్కడే ఉంటాయి. అదంతా తీసేసి ముఖాన్ని మాత్రం నిలబెట్టాక మిగిలేది ‘గ్రామీణ మహిళ’. కులం లేని, ఊరు లేని, శత్రువు లేని మహిళ. నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం నడిపింది గుంపుగా కదిలిన స్త్రీలు. 1993 అక్టోబరులో సారా నిషేధం తెచ్చింది ఆ గుంపు బలమే. అలాంటి గుంపు ఫోటోలోంచి ఒక్క స్త్రీని ఎత్తి తెల్లకాగితం మీద అతికిస్తే ఉద్యమం పోయి ఒక ధీరవనిత మిగులుతుంది. ధీరవనితకు దండ వేయడం ప్రభుత్వాలకు చాలా తేలిక. గుంపుకు జవాబు చెప్పడమే కష్టం.

కంప్యూటరు బొమ్మల చరిత్రలోనే ఈ వైఖరి కనిపిస్తుంది. 1972 నవంబరు ప్లేబాయ్ సంచికలో అచ్చయిన లెనా ఫోర్సేన్ నగ్నచిత్రాన్ని మరుసటి ఏడాది అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో భుజం దాకా కత్తిరించి, పరీక్షలకు నమూనాగా వాడారు. ఆ ముక్క దశాబ్దాలపాటు పాఠ్యపుస్తకాల్లో తిరిగింది. ఐఇఇఇ కంప్యూటర్ సొసైటీ తన ప్రచురణల్లో దాన్ని వద్దనడానికి 2024 దాకా పట్టింది. ఫోటోషాప్‌ని తయారుచేసిన సోదరుల్లో ఒకరైన జాన్ నోల్, ఆ సాఫ్ట్‌వేర్ ఏమేం చేయగలదో చూపించడానికి తొలినాళ్ళలో వాడిన ఫోటో కూడా స్త్రీదే. బోరా బోరా దీవి సముద్రపు ఒడ్డున తన స్నేహితురాలు జెన్నిఫర్‌ని వెనక నుంచి తీసినది. కొత్త కత్తెర పదును చూడటానికి మొదట చేతికొచ్చే గుడ్డ స్త్రీ శరీరమే కావడం యాదృచ్ఛికమా?

అదే కత్తెర ఇంకో మెట్టెక్కితే ముఖాన్నీ శరీరాన్నీ వేరుచేస్తుంది. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖాన్ని మరో స్త్రీ శరీరానికి అతికించిన వీడియో దేశమంతా తిరిగింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు అరెస్టు చేసిన యువకుడు మన గుంటూరు జిల్లావాడు. అందరూ రష్మికకు జరిగిన అన్యాయం గురించి మాట్లాడారు. మాట్లాడవలసిందే. కానీ అందులో ఇద్దరు స్త్రీలున్నారు. తన శరీరాన్ని పోగొట్టుకుని ముఖం చెరిగిపోయిన ఆ రెండో స్త్రీ గురించి ఎంతమంది అడిగారు? ముసుగు చెరిపినదాన్ని మన కోపం కూడా మరిచిపోతుందన్నమాట.

అంతకు కొన్ని నెలల ముందు, 2023 మే 28న, లైంగిక వేధింపులకు వ్యతిరేకంగా పోరాడుతున్న మల్లయోధురాళ్ళను ఢిల్లీ పోలీసులు బస్సెక్కించారు. బస్సులో వాళ్ళు దిగిన ఫోటోలో ముఖాలు మార్చి నవ్వుతున్నట్టు చేసి పంచారు. స్త్రీల పోరాటాన్ని నవ్వులపాలు చేయడానికి ఒక్క నిమిషం చాలింది.

మరి ఈ పరికరాన్ని తగలెయ్యాలా? నేనలా అనడం లేదు. కొట్టిన భర్తను పెళ్ళిఫోటోలోంచి తీసేసి, పిల్లలతో తానున్న భాగం దాచుకునే స్త్రీకి ఆ హక్కుంది. అత్యాచారానికి గురైన స్త్రీ గుర్తింపు బయటపెట్టడం నేరమని చట్టమే చెబుతోంది. ఒకప్పుడు శిక్షాస్మృతిలో 228ఎ, ఇప్పుడు భారతీయ న్యాయసంహితలో 72వ సెక్షన్. ముసుగు నిజంగా అవసరమైన చోటు అది. కానీ 2019 నవంబరులో హైదరాబాద్ శివార్లలో జరిగిన ఘోరం తర్వాత ఆ యువతి ముఖాన్ని వేలాది చేతులు పంచాయి. బీడీ కార్మికురాలి వెనకున్న గోడను తుడవడానికి ఉన్న శ్రద్ధ, ఈ పిల్ల ముఖాన్ని దాచడానికి లేకపోయింది. అంటే ఇబ్బంది పరికరంతో కాదు. అది ఎవరి చేతిలో ఉంది, ఎవరి సుఖం కోసం పనిచేస్తోంది అన్నదే ప్రశ్న. అట్టమీది ముసుగు చూసేవాళ్ళను ఇబ్బంది పడకుండా కాపాడింది. ఆమెను కాపాడలేదు.

స్త్రీల ఫోటోలు అచ్చువేసే ప్రతి సంస్థనూ, ప్రభుత్వ శాఖనూ, పత్రికనూ మనం కొన్ని విషయాలు అడగాలి. ఫోటో తీయడానికి ఒప్పుకోవడం వేరు, దాన్ని మార్చడానికి ఒప్పుకోవడం వేరు. రెండోదానికి విడిగా అడగాలి, మార్చిన బొమ్మ ఆమెకు చూపించాకే అచ్చువేయాలి. వద్దంటే మానుకోవాలి. వెనకున్నది తీసేస్తే ఆ సంగతి బొమ్మ కిందే రాయాలి. ఆమె గుర్తింపు దాచాల్సిన అవసరం లేనప్పుడు ఏ ఊళ్ళో, ఏ పనిలో, ఎవరి మధ్య ఉందో చెప్పాలి. ఈ నియమాలు పరాయివాళ్ళకు చెప్పే ముందు మన సంఘాల కరపత్రాలకూ, మన పత్రిక అట్టకూ వర్తింపజేసుకోవాలి. మన అట్టల మీద కూడా పిడికిలెత్తిన ఒంటరి స్త్రీలే ఎక్కువ కదా! ఆమె పక్కనున్నవాళ్ళూ, ఎదురుగా ఉన్నవాళ్ళూ కూడా కనిపించాలి. ఆ పిడికిలి ఎవరి మీదికి లేచిందో చదివేవాళ్ళకు తెలియాలి కదా.