గుంటకో చుక్క

ఉపగ్రహ చిత్రం చూసి ఏ పొలంలో ఏ పంట ఉందో పేరు పెట్టడాన్ని ‘క్లిక్కుల పని’ అంటున్నారు. మౌస్ పట్టడం వస్తే చాలని, ఎవరికైనా వారంలో నేర్పేయొచ్చని చెబుతున్నారు. అందుకే దాన్ని కాంట్రాక్టుకిచ్చి, పాలిగాన్‌కి, అంటే చిత్రంలో హద్దు గీసిన ఒక్కో పొలానికి, ఇంత అని లెక్కగడుతున్నారు. ఈ మాట తప్పు. దీనివల్ల చివరికి నష్టపోయేది రైతు.

సెంటినెల్-2 ఉపగ్రహం తీసిన చిత్రంలో అతి చిన్న చుక్క నేలమీద 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. తెలంగాణ లెక్కలో సుమారు ఒక గుంట, ఆంధ్రలో రెండున్నర సెంట్లు. ఎకరం చేనంటే నలభై చుక్కలే. చేను నలుచదరంగా ఉన్నా అందులో దాదాపు సగం గట్టుకి తగిలేవే. ఆ చుక్కల్లో మన పైరూ, పక్కవాళ్ళ పైరూ, గట్టుమీది తుమ్మచెట్టూ కలిసిపోతాయి. ఇక తెలంగాణ మెట్ట చేలల్లో పత్తి సాళ్ల మధ్య కంది వేస్తారు. ఆ చుక్క పత్తా, కందా? రెండూ. ఎంచుకోమని ఇచ్చే జాబితాలో మాత్రం ఒక్కటే నొక్కాలి.

కృష్ణా డెల్టా సంగతి చూడండి. వరి కోతకు కొద్దిరోజుల ముందు, నిలిచి ఉన్న పైరులోనే మినుము చల్లుతారు. దుక్కి ఉండదు. కోతయ్యాక కొన్ని వారాలకే పొలం మళ్ళీ పచ్చబడుతుంది. తెలియనివాళ్ళు దాన్ని దాళ్వా వరి అనుకుంటారు. దాళ్వా అయితే దమ్ము చెయ్యాలి, నీళ్ళు పెట్టాలి, ఆ నీళ్ళు చిత్రంలో నల్లగా కనబడాలి. మబ్బులేని చిత్రాల్లో ఎక్కడా ఆ నలుపు లేదంటే అక్కడ మినుమేమోనని అనుమానించాలి. ఈ అనుమానం పొలం ఎరిగిన మనిషికే వస్తుంది.

ఒకే పొలాన్ని ముగ్గురికిచ్చి, ఇద్దరు చెప్పిందే ఖాయం చేస్తే తప్పులు పోతాయని కొందరి వాదన. ఇద్దరికి డెల్టా తెలియకపోతే ఆ ఇద్దరూ కలిసే తప్పుతారు. నేను చేసిన ఒక కాంట్రాక్టులో మినుమని రాసిన నా బ్యాచ్ వెనక్కొచ్చింది, మిగతా ఇద్దరూ వరి అన్నారు కాబట్టి. దానికి డబ్బు రాలేదు. తర్వాతి బ్యాచ్‌లో నాకు తెలిసింది పక్కనపెట్టి, వాళ్ళేమంటారో ఊహించి రాశాను. అది ఇప్పటికీ నన్ను బాధిస్తోంది. ‘తెలియదు’ అని రాయడానికి ఆ తెరమీద చోటే లేదు.

ఇలాంటి తప్పు రైతు పంట బీమా దాకా వెళ్ళగలదు. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమ దిగుబడి నిర్ధారణలో ఉపగ్రహ ఆధారిత అంచనాకి కనీసం 30 శాతం వెయిటేజి ఇస్తున్నారు. ఆ అంచనా కట్టాలంటే ముందు వరి ఎక్కడుందో సరిగ్గా తెలియాలి. నాట్ల కాలమంతా మబ్బు పట్టి ఉండే మన ఖరీఫ్‌లో అదే కష్టం.

కాబట్టి పంటకి పేరు పెట్టే ఈ పని ఆయా మండలాల్లో సేద్యం చేసిన కుటుంబాల పిల్లలకి ఇవ్వండి. పాలిగాన్ లెక్కన కాదు, రోజు కూలి లెక్కన ఇవ్వండి. ‘తెలియదు’ అన్న పొలానికి బండిమీద వెళ్ళి చూసి రావడానికి పెట్రోలు డబ్బులు కూడా ఇవ్వండి.