దంతవైద్యము - నేత్రరక్షణము

నోరు మంచిదైతే ఊరు మంచిదని పెద్దల మాట. వారు వాక్కు నుద్దేశించి పలికిరి. కాని శరీరమునకును అది చెల్లును. పంటినొప్పి పంటితోడనే పోవునని లవంగతైలముతో నెలలు గడపువారు మనలో ననేకులు. ఆ యుపేక్ష కొన్నియెడల కంటికే ముప్పు తెచ్చునని వారెఱుంగరు.

మీదిదవడపండ్ల వేళ్లకును, చెక్కిలియెముకలోని గాలిగదికిని నడుమ నున్నది పలుచని యెముకయే. ఆ గదికి పైకప్పైనదే కనుగూటికి నేల. కావున పంటివేరున బట్టిన చీము గాలిగదిని జేరి, అందుండి కనుగూటికి ప్రాకగలదు. ముఖమందలి సిరలవెంటను ప్రాకగలదు. చీముపంటిని పెరికిన పిమ్మట సయితము అరుదుగా నిట్టి యుపద్రవము కలుగుట కలదు. రెప్పలు వాచి, కనుగ్రుడ్డు ముందునకు పొడుచుకొనివచ్చి, చూపు మసకబారినను, ఒకటి రెండుగా కన్పట్టినను, ఒక్కపూటయైన జాగుచేయక ఆసుపత్రికి బోవలెను. జాగు చూపునకే గాక ప్రాణమునకును చేటు.

ఇంతమాత్రమున దంతచికిత్సకు వెఱవ బనిలేదు. 1910లో లండనువైద్యుడు విలియం హంటరు మాంట్రియలు నగరమున నుపన్యసించుచు, నోటిలోని చీము అనేక రోగములకు మూలమనెను. ఆ వాదము ముదిరి, కంటివాపులు మొదలగువానికి మందుగా పాశ్చాత్యదేశములలో లెక్కలేనన్ని పండ్లు వ్యర్థముగా పెరుకబడెను. ఆ యతిని వైద్యశాస్త్రమే పిమ్మట విడిచిపెట్టెను. భయమువలన పండ్లు పెరికించుకొనుటయు తప్పే, ఉపేక్షవలన చీము పెంచుకొనుటయు తప్పే. సకాలమున జేసిన శుభ్రమైన చికిత్సయే కంటికిని కాపు.

శుభ్రత యన్నది చిన్నమాట గాదు. 2023లో తమిళనాట వాణియంబాడిలో నొక దంతవైద్యశాలకు బోయిన పదిమందికి మెదడునంటు క్రిమివ్యాధి సోకగా ఎనమండుగురు మరణించిరి. శుద్ధిచేయని పనిముట్టుతో సీసా తెఱచి, మిగిలిన యుప్పునీటిని మరల వాడుట యందుకు కారణమని పరిశోధకులు తేల్చిరి. ఒక్క సీసాకు ఎనిమిది ప్రాణములు!

దంతవైద్యులు పట్టికలో నమోదు గావలెనని 1948లోనే చట్టము చేసితిమి. చట్టమున్న జాలునా? పనిముట్లు ఆవిరియంత్రమున శుద్ధమైనవా, ఉప్పునీటిసీసా క్రొత్తదా యని యడుగుటకు రోగి సిగ్గుపడరాదు. పంటిని తొలుచునపుడు ఎగయు తుంపరలును తునుకలును కంట బడకుండ రోగికిని అద్దములు పెట్టుట ఎంత వ్యయము? కంటికి శస్త్రచికిత్స చేయించుకొనబోవువారు తమ పంటిచీమును ముందుగా వైద్యునకు తెలుపవలెను. అధికారులు తనిఖీలను కాగితములకు విడువక వైద్యశాలల గడప త్రొక్కవలెను. అడుగు ప్రజయు, తనిఖీచేయు ప్రభుత్వమును ఉన్నచోటనే నోరును కన్నును క్షేమముగా నుండును.