తిట్టుగా మారిన కళ పేరు

హిందీ మాట్లాడే ప్రాంతాలలో ఎవరైనా లేని దుఃఖాన్ని అభినయిస్తే "ఈ నౌటంకీ కట్టిపెట్టు" అంటారు. తెలుగువారు "నాటకాలాడవద్దు" అంటారు. తాను శతాబ్దాలుగా ఆదరించిన కళ పేరునే ఒక సమాజం కపటానికి పర్యాయపదంగా చేసుకొనడం చిన్న విషయం కాదు.

నౌటంకీకి హాత్రస్, కాన్పూరు రెండు ప్రధాన కేంద్రాలు. మైకులు లేని కాలంలో, ఆరుబయట, నగారా మోతను మించి, ఎక్కడో చివర కూర్చున్న రైతుకు సైతం దోహా, చౌబోలా వినిపించవలసి ఉండేది. ఆ కంఠం అవసరంవల్ల పెద్దదయింది గాని అహంకారంవల్ల కాదు. దానిని నాలుగు గోడల నడుమ ఆడే వాస్తవిక నాటకంతో పోల్చి 'అతి' అనడం, నాగలి కలమంత నాజూకుగా లేదని నిందించడం వంటిది.

భరతుడు ఈ పొరపాటు చేయలేదు. లోకంలో ఉన్నట్లు నటించడం లోకధర్మి అన్నాడు. రంగస్థల సంకేతాలతో నటించడం నాట్యధర్మి అన్నాడు. రెండవది మొదటిదానికి చెడిన రూపమని అనలేదు. యుద్ధం, మాయ, లంఘనం మొదలైన ఉద్ధత చేష్టలకు ఆరభటి అని పేరుపెట్టి, దానిని నాలుగు వృత్తులలో ఒకటిగా నిలిపాడు. మన 'ఆర్భాటం' అన్న మాటలో ఆ పేరే ధ్వనిస్తుంది. కాని అది నేడు నింద మాత్రమే.

నౌటంకీలో చప్పట్లకోసం చేసే విన్యాసం లేదని నేననను. ఉన్నది. అయితే ఆ దోషం కంఠం ఎత్తులో లేదు, ఉద్దేశంలో ఉన్నది. భావాన్ని చేరవేయడానికి ఎత్తిన గొంతు వేరు, నటుడు తన్ను తాను చూపుకొనడానికి ఎత్తిన గొంతు వేరు. "నా నిగ్రహాన్ని చూడండి" అని ప్రేక్షకుణ్ణి వేడుకొనే గుసగుస కూడ ఆర్భాటమే. ఈ భేదాన్ని చెప్పలేని విమర్శకుడు 'సహజం', 'నాటకీయం' అన్న రెండు మాటలతో కాలక్షేపం చేస్తున్నాడు.

నౌటంకీ నటి గులాబ్ బాయికి 1990లో పద్మశ్రీ లభించింది. జీవితమంతా ఆమె సేవించిన కళ పేరు మాత్రం వీధిలో తిట్టుగానే మిగిలింది. ఒక్క రాత్రియైనా నౌటంకీ చూడనివారు ఆ పేరుతో ఎదుటివారిని ఎగతాళి చేస్తున్నారు. కళాకారులకు బిరుదులివ్వడం ప్రభుత్వం పని. వారి కళ పేరుకు మర్యాద తిరిగి తేవడం మన పని. అది మన నోటనే మొదలు కావాలి.