చదివి వినిపించండి

ప్రియమైన పిల్లలకు,

మీలో కొందరికి ఈ మధ్య కథల పిచ్చి పట్టుకుందని విన్నాను. గైడు కింద కథల పుస్తకం దాచుకుని చదువుతున్నారట, నోటు పుస్తకం వెనక పేజీల్లో ఏవేవో రాసుకుంటున్నారట. ఇవన్నీ మార్కులకు అడ్డమని మీ ఇళ్ళలో కంగారు. నాకైతే పట్టరానంత సంతోషం. పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. ఈ పిచ్చి మనిషికి ఎంత మేలు చేస్తుందో కళ్ళారా చూశాను. అందుకే ఈ ఉత్తరం.

మీకు చెప్పదలచుకున్నది ఒక్కటే. కథను మీలో మీరే చదువుకుని పక్కన పెట్టేయకండి. పైకి చదవండి, ఇంట్లో ఎవరికైనా వినిపించండి. ఒకరు రాసిందైనా, మీరు రాసిందైనా సరే. కథ ఎక్కడ నిలబడిందో, ఎక్కడ కూలబడిందో వినేవాళ్ళ ముఖంలో తెలిసినట్టు మరెక్కడా తెలియదు.

నా చిన్నప్పుడు, విజయనగరం దగ్గర మా పల్లెలో, వారపత్రిక ఒక్క ఇంటికే వచ్చేది. వాళ్ళు చదివాక మా ఇంటికి, మా నుంచి ఇంకో ఇంటికి తిరిగేది. మా నానమ్మకు చదువు రాదు. వేసవిలో భోజనాలయ్యాక చుట్టుపక్కల ఆడవాళ్ళు మా అరుగు మీద చేరి చింతపండు గింజ తీసేవారు. నన్ను మధ్యలో కూర్చోబెట్టి కథ చదవమనేవారు. చదువుతూనే వాళ్ళ చేతుల వంక చూసేదాన్ని. కథ సాగుతున్నంతసేపూ చేతుల పని చేతులు చేసుకుపోయేవి. ఒక్కో చోట అన్ని చేతులూ ఒక్కసారే ఆగిపోయేవి. గింజ సగం బయటికి వచ్చి వేళ్ళ మధ్య అలాగే ఉండిపోయేది. రచయిత చందమామ గురించో, సముద్రం గురించో వర్ణనకు దిగాడా, వాళ్ళ కబుర్లు మొదలు. ఎవరి గేదె ఈనింది, ఎవరింటికి పెళ్ళివారు వచ్చారు! మళ్ళీ కథలో ఇద్దరు మాట్లాడుకోవడం మొదలైతే అరుగంతా సద్దుమణిగేది. ఒకసారి నానమ్మ మధ్యలోనే ఆపించి, "అదేటే, కోడలు అత్తతో అలాగంటాదా? ఆ రాసినోడు ఆడోళ్ళ మాట ఎప్పుడూ ఇన్లేదు" అంది. కాలేజీలో విమర్శ పుస్తకాలు చాలానే చదివాను గానీ, ఆ మాటకు సాటి వచ్చేది నాకు కనబడలేదు.

ఇది మా అరుగు గొప్పతనమే అనుకోకండి. మన కథ పుట్టుకలోనే గొంతు ఉంది. గురజాడ అప్పారావు గారి 'దిద్దుబాటు' 1910లో ఆంధ్రభారతి పత్రికలో వచ్చింది. చదవనివాళ్ళు ముందు ఆ కథ చదివి వచ్చి ఇక్కడి నుంచి కొనసాగించండి. నాలుగైదు పేజీలకు మించదు. అర్ధరాత్రి దాటాక గోపాలరావు ఇంటికొచ్చి, తలుపు తీయమని భార్యను పిలుస్తాడు. కథ ఆ పిలుపుతోనే మొదలవుతుంది. అతనెవరో, ఏం ఉద్యోగమో, వాళ్ళకు ఎప్పుడు పెళ్ళయిందో ఏదీ ముందు చెప్పలేదు. గొంతొక్కటే, చీకట్లో. జవాబు రాదు. చెయ్యి వేస్తే తలుపు తెరుచుకుంటుంది. భార్య ఉండదు, నౌకరు రాముడు ఉంటాడు, ఒక ఉత్తరం ఉంటుంది. గమనించారా, కథలో జరగాల్సిన అతి పెద్ద పని కథ మొదలయ్యే సరికే జరిగిపోయింది. భార్య కమలిని ఉత్తరం రాసేసింది, దాక్కుంది. గురజాడ మనల్ని ఆ తరవాత గడపలోకి తీసుకొచ్చాడు. ఆమె చివరిదాకా మన ఎదటికి రాదు. చిట్టచివర మంచం కింద నుంచి నవ్వూ, గాజుల చప్పుడూ వినిపిస్తాయి. పైకి చదివి చూడండి, ఆ నవ్వు దగ్గర మీ గొంతు దానంతటదే మారుతుంది. నా క్లాసులో వెనక బెంచీ మగపిల్లలు కూడా అక్కడికొచ్చేసరికి నోళ్ళు మూసుకునేవారు.

మొదటి తెలుగు కథ ఇదేనా అంటే, దానికీ వాదం ఉంది. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902 నాటిది. ఆవిడను బడికి పంపలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని అక్షరాలు పట్టుకుంది. ఆడపిల్లలకు ఈ సంగతి ప్రత్యేకంగా చెబుతున్నాను. అలా నేర్చుకున్న అక్షరంతో ఆవిడ కథలు రాసింది, దేశంలోని గొప్ప స్త్రీల చరిత్రలు రాసింది.

మళ్ళీ గొంతు సంగతికొస్తే, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి దగ్గరికి వెళ్ళండి. ఆయన కథల్లో పేజీలకు పేజీలు సంభాషణే. 'వడ్లగింజలు' తీసుకోండి, చదరంగం ఆడాలని పెద్దాపురం రాజుగారి దాకా వెళ్ళిన ఒక పేద బ్రాహ్మణ కుర్రవాడి కథ. ఎవరు ఏ మాట అన్నారో రచయిత అస్తమానం చెప్పడు, మాట తీరే మనిషిని పట్టిస్తుంది. ఇద్దరు ముగ్గురు స్నేహితులు పాత్రలు పంచుకుని చదవండి, నాటకంలా ఉంటుంది. పాకాల నుంచి పాలమూరు దాకా ఎవరి గొంతు వాళ్ళకుంది. యశోదారెడ్డి గారు యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన మనిషై ఉండీ, 'మా ఊరి ముచ్చట్లు' పాలమూరు పల్లె నోటితో రాశారు. నామిని 'పచ్చనాకు సాక్షిగా'లో చిత్తూరు పల్లె, ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు'లో నెల్లూరు జిల్లా ముస్లిం ఇళ్ళ పిల్లలు. మీకు ఆ యాస రాకపోతే, వచ్చిన స్నేహితుణ్ణి పిలిచి చదివించుకోండి. హాస్టల్లో ఉన్నవాళ్ళకు ఇంతకన్నా మంచి కాలక్షేపం దొరకదు.

అన్ని కథలూ ఇలా లొంగవు. బుచ్చిబాబు కథనో, త్రిపుర కథనో అరుగు మీద చదివితే చేతులు ఆగడం మాట అటుంచి, మనుషులే లేచి వెళ్ళిపోవచ్చు. అవి లోపలి గొంతు కథలు, రాత్రి పొద్దుపోయాక ఒంటరిగా చదువుకోవాలి. వాటినీ వదలకండి. కాకపోతే మొదట్లో రాయబోయేవాళ్ళు వాటిని అనుకరించడం నాకు నచ్చదు. మనుషులు మాట్లాడుకోవడం రాయగలిగిన తరవాత, మనుషులు మాట్లాడని సంగతుల్లోకి వెళ్ళండి.

ఇక మీరు రాసేది. ప్రపంచం మెచ్చాలని మొదలుపెట్టకండి. పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన'కు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పెట్టిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. అందులో ఉన్నదేమిటి? మన రైలు, మన తుపాను రాత్రి, నియమాలు పెట్టుకు బతికే ఒక పెద్దమనిషి, ఒక బిచ్చగత్తె. మీ వీధిలో టిఫిన్ బండి దగ్గర అప్పు రాయించుకునే మనిషి ఏమంటాడో చెవి పెట్టి వినండి. మీ అమ్మ ఫోన్లో పిన్నితో మాట్లాడేటప్పుడు ఎక్కడ గొంతు తగ్గిస్తుందో గమనించండి. తగ్గించిన చోటే కథ ఉంటుంది. రాసిన తరవాత పైకి చదివితే, పుస్తకంలోంచి ఎత్తుకొచ్చిన వాక్యం నోటికి అడ్డం పడుతుంది. ఊపిరి చాలకపోతే అది రెండు వాక్యాలు కావాలి. చదవడానికి సిగ్గేసిన చోట ఆగి చూసుకోండి. అది అబద్ధమైనా అయ్యుంటుంది, కథలో అసలు నిజమైనా అయ్యుంటుంది. అబద్ధమైతే కొట్టేయండి, నిజమైతే ఎంత సిగ్గేసినా ఉంచండి.

ఫోన్లో ఎవరో చదివి పెట్టిన కథలు వింటున్నామంటారు. వినండి, మంచిదే. అది వాళ్ళ గొంతుకు దొరికిన కథ. మీ నోటికి దొరకాలంటే మీరే చదవాలి.

పాత కథలు దొరకవని చాలామంది అంటారు. శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. 'యజ్ఞం' రాసిన కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న దాన్ని ప్రారంభించారు. తనకొచ్చిన బహుమతుల డబ్బు దానికే పెట్టారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒక్క చోట ఉండాలని పాత పత్రికల కోసం ఇల్లిల్లూ తిరిగారు. ఆయన కూడా బడిపంతులే. తాను ఇంకా రాయగలిగీ, తన సమయం ఇతరుల కథలకు ఇచ్చిన మనిషి. 2021లో పోయారు. ఆ పక్కకు వెళితే తప్పకుండా చూసి రండి. 'భారతి' పత్రిక 1991లోనే ఆగింది, దేశదేశాల కథలు తెలుగులో ఇచ్చిన 'విపుల' 2021లో ఆగింది. వాటి పాత సంచికలు మీ ఊరి శాఖా గ్రంథాలయం బీరువాలో ఉండొచ్చు. తాళం తీయమని అడగండి. అడిగేవాళ్ళు లేకపోతే అవి తూకానికి పోతాయి.

రాసిన కథను రెండు నెలలు పక్కన పెట్టి, మళ్ళీ పైకి చదివి, దిద్దుకుని అప్పుడు పత్రికకు పంపండి. ఒకే కథను ఒకేసారి రెండు పత్రికలకు పంపకండి. ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి, అచ్చు వేయని కథల్ని చాలా పత్రికలవాళ్ళు తిప్పి పంపరు. జవాబు వచ్చేలోగా రెండోది మొదలుపెట్టండి.

ఆశీస్సులతో,
మీ తెలుగు టీచరమ్మ