తాళపత్రానికి నూనె, ఫ్లాపీకి నకలు

పుదుచ్చేరి సముద్ర తీరానికి కూతవేటు దూరంలో, సెయింట్ లూయీ వీధిలో ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్ ఉన్నది. 1955లో జాఁ ఫిలియోజా అనే భారతీయ విద్యా పండితుడు నెలకొల్పిన ఆ సంస్థలో సుమారు 8 వేల తాళపత్రాల కట్టలు ఉన్నాయి. ఈ పట్టణంలోని శైవ గ్రంథ సేకరణలను 2005లో యునెస్కో ‘ప్రపంచ స్మృతి’ పట్టికలో చేర్చింది. తాళపత్రానికి నిమ్మగడ్డి నూనె రాసి పురుగును దూరంగా ఉంచడం మన దేశంలో తెలిసిన పద్ధతే. శ్రద్ధగా చూసుకుంటే ఆకు శతాబ్దాలు నిలుస్తుంది.

అదే పట్టణంలో ఏ ఇంటి బీరువాలోనో 1990 నాటి ఫ్లాపీ డిస్కు ఒకటి ఉన్నదనుకుందాం. అందులో ఒక సిద్ధాంత వ్యాసమో, తాతగారి జ్ఞాపకాలో ఉండవచ్చు. దాని గతి ఏమిటి?

ఫ్లాపీ అంటే పలుచని పాలిస్టర్ బిళ్ల, దానిపై అయస్కాంత గుణంగల ఐరన్ ఆక్సైడు పూత. అక్షరాలన్నీ ఆ పూతలోనే ఉంటాయి. 1971లో ఐ.బి.ఎం. దీనిని 8 అంగుళాల పరిమాణంలో తెచ్చింది. ఆ తరువాత 5¼, 3½ అంగుళాలవి వచ్చాయి.

ఉప్పుగాలి వీచే ఊళ్లలో, ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమలో, ఈ బిళ్లకు పెద్ద శత్రువు బూజు. హార్డు డిస్కులో వలె గాక, ఫ్లాపీ డ్రైవులోని హెడ్డు బిళ్లను తాకుతూనే చదువుతుంది. సాధారణంగా నిమిషానికి 300 సార్లు తిరిగే బిళ్లపై బూజు ఉంటే హెడ్డు దానితోపాటు పూతను కూడా గీకివేస్తుంది. అంతటితో ఆగదు, మురికి అంటిన హెడ్డు తరువాత పెట్టిన మంచి డిస్కును సైతం చెరుపుతుంది.

అందుచేత పాత డిస్కును ఆత్రంగా డ్రైవులో పెట్టరాదు. ముందు బిళ్లను చేతితో మెల్లగా తిప్పుతూ కిటికీలోంచి మచ్చలున్నవేమో చూడాలి. మచ్చ కనబడితే శుభ్రం చేయించేదాకా పక్కన ఉంచాలి. 5¼ అంగుళాల డిస్కుకు పక్క గాటును పట్టీతో మూసివేయాలి. 3½ అంగుళాలదానికి మూలనున్న చిన్న రంధ్రాన్ని తెరిచి ఉంచాలి. అప్పుడు పొరపాటున కూడా దానిపై కొత్తరాత పడదు.

ఏళ్ల తరబడి తిరగని డ్రైవుకూ సేవ అవసరమే. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన, పోగులు రాలని గుడ్డతో హెడ్డును సుతారంగా తుడవాలి. గట్టిగా నొక్కితే దాని స్థానం తప్పుతుంది. ఎండిపోయిన గ్రీజును తీసి కొత్తది రాయాలి. రబ్బరు బెల్టు సాగితే బిళ్ల వేగం తప్పుతుంది, మార్చాలి. ఆపై విలువలేని డిస్కుతో పరీక్షించి, ఆ తరువాతనే అసలుదానిని పెట్టాలి.

డిస్కులను కవరులో ఉంచి నిలువుగా, లౌడ్‌స్పీకర్లకు దూరంగా, సిలికా జెల్ వేసిన మూత పెట్టెలో దాచాలి. చల్లని గది నుంచి తెచ్చిన డిస్కును కొన్ని గంటలు అలాగే వదిలి, చెమ్మ పట్టదని తెలిశాకనే వాడాలి.

ఇంత చేసినా ఇది గడువు పొడిగింపే. ఆకును చదవడానికి కన్ను, లిపి తెలిసిన మనిషి చాలు. ఫ్లాపీకి యంత్రం కూడా కావాలి. సోనీ సంస్థ జపానులో 3½ అంగుళాల డిస్కుల అమ్మకాన్ని 2011లోనే నిలిపివేసింది. పుదుచ్చేరి పండితులు ఆకుల్లోని పాఠాలను కాగితంపై దేవనాగరిలో ఎత్తి రాయించారు. మూలాన్ని భద్రపరుస్తూనే నకలు తీయించిన ఆ జాగ్రత్తే ఫ్లాపీకీ వర్తిస్తుంది. డ్రైవు ఇంకా తిరుగుతూండగానే డిస్కు మొత్తానికీ నకలు తీసి, తెరిచి సరిచూసి, రెండు వేర్వేరు చోట్ల దాచిన ఇంట్లోనే తాతగారి జ్ఞాపకాలు మనుమల చేతికి అందుతాయి.